బడిలో పనిచేయు పెద్దలకు టీకాలు ఎందుకు?

జూన్ రెండవ వారమున బడులు తెరచుకొనును. తెరచిన పది పదునైదు దినములలోనే మా హుజూర్‌నగర్ వైద్యశాల ముంగిట జలుబు, దగ్గు, జ్వరములతో పిల్లలను వెంటబెట్టుకొని తల్లులు బారులు తీరుదురు. ఎడమ కాలువకు నీరు వచ్చి నాట్లు మొదలగు నాటికి ఆ బారులో ఉపాధ్యాయులు కూడ కనబడుదురు. పిల్లవాని రొంప టీచరుకు, టీచరు దగ్గు ఇంటిలోని ముసలివారికి అంటుకొనుట ఏటేటా చూచుచున్నదే. మొన్న ఒక ఉపాధ్యాయిని మందు తీసికొనుచు, "టీకాలు చిన్నపిల్లలకు గదా అయ్యగారూ, మావంటి పెద్దలకు కషాయము, చ్యవనప్రాశ చాలవా?" అని అడిగినది.

ఈ ప్రశ్నకు నేను 2021లో ఒకసారి తప్పు సమాధానము చెప్పియున్నాను. కావున ముందు దానిని చెప్పుకొని తరువాత విషయములోనికి వచ్చెదను.

ఆ యేడు మార్చి 24 నుండి తెలంగాణలో బడులు మరల మూతపడినవి. ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు జీతములు ఆగిపోగా, ప్రభుత్వము వారికి నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చెదమని ప్రకటించిన రోజులవి. ఏప్రిల్ 1 నుండి 45 ఏండ్లు నిండినవారందరికి కోవిడ్ టీకా వేయుచుండిరి. అట్టి ఒక బడిలో చదువు చెప్పు 47 ఏండ్ల టీచరు నా వద్దకు వచ్చి, "సూది వేయించుకొనమందురా అయ్యగారూ?" అని అడిగినది. నేను సూటిగా చెప్పలేదు. "తొందరేమున్నదమ్మా, కొన్నాళ్ళు చూతము. ఈలోగా తిప్పతీగ కషాయము పుచ్చుకొనుము" అన్నాను. అబద్ధమాడలేదు గాని నిజమును దాటవేసినాను. నా విద్య మీద నాకున్న అభిమానము ఆ మాట పలికించినది.

మే నెల మొదట ఆమెకు జ్వరము పట్టినది. నల్లగొండలో ఆసుపత్రిలో చేర్చి పదునాలుగు దినములు ఆక్సిజన్ పెట్టినారు. ఆమె బ్రతికినది. ఆమె నుండి వ్యాధి సోకిన అత్తగారు దక్కలేదు. టీకా వేయించుకొన్నచో ఆ ఇంట ఏమియు జరిగియుండదని నేను ప్రమాణము చేయలేను. ఒక్క మోతాదుతో కొద్ది వారములలో పూర్తి రక్షణ కలుగదు. టీకా తీసికొన్నవారికి కూడ ఆ వ్యాధి సోకుట తరువాత అందరమును చూచినాము. అయితే సోకినను ప్రాణము మీదికి వచ్చుట టీకా వలన బాగుగా తగ్గినది. చేతికందిన కంచెను వద్దన్నవాడను నేను.

ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము సెప్టెంబరు 5, ఉపాధ్యాయ దినోత్సవమునకు ముందే ఉపాధ్యాయులందరికి టీకా వేయవలెనని నిశ్చయించి, అందుకై రాష్ట్రములకు రెండు కోట్లకు పైగా మోతాదులు అదనముగా కేటాయించినది. సెప్టెంబరు 1న మన బడులు తెరచుకొన్నవి. అమెరికాలో అదే యేడు మార్చిలోనే బడి సిబ్బందికి ప్రాధాన్యమీయవలెనని అధ్యక్షుడు రాష్ట్రములను ఆదేశించినాడు. పిల్లలకింకను కోవిడ్ టీకా లేని ఆ కాలమున, వారి చుట్టునున్న పెద్దలకు వేయుటయే పిల్లలకు రక్షణ అని ఎల్లరకు తెలిసివచ్చినది. ఆ యేడు గడచిన తరువాత ఈ మాటను మనము మరచిపోయినాము. కోవిడ్ కంటె చాల పాతవైన వ్యాధులకు కూడ ఇదే లెక్క వర్తించును.

శాస్త్రము ఏమి చెప్పుచున్నది?

అంటువ్యాధి యను భావన మన శాస్త్రమునకు క్రొత్త కాదు. సుశ్రుతుడు నిదానస్థానమున ఔపసర్గిక రోగములను చెప్పుచు, ఒకరినొకరు తాకుట వలన, శ్వాస వలన, కలిసి భుజించుట వలన, ఒకే శయ్యను, ఆసనమును, వస్త్రమును వాడుట వలన అవి ఒకరి నుండి ఒకరికి సంక్రమించునన్నాడు. ఒకే బెంచిపై ముగ్గురు కూర్చుండి, ఒకే పళ్ళెము వద్ద చేతులు కలుపు పిల్లలున్న తరగతి గదిని చూచి వ్రాసినట్లే యుండును. చరకుడు విమానస్థానమున గాలి, నీరు, దేశము, కాలము ఈ నాలుగును చెడినప్పుడు వేర్వేరు ప్రకృతులు గలవారు కూడ ఒక్కసారిగా రోగగ్రస్తులగుదురన్నాడు.

అదే చరకుడు బలమును మూడు విధములుగా విభజించినాడు. పుట్టుకతో వచ్చునది సహజబలము. ఋతువును బట్టి, వయస్సును బట్టి కలుగునది కాలజబలము. ఆహార విహారముల చేతను, తగిన ఉపాయముల చేతను మనము సంపాదించుకొనునది యుక్తికృతబలము. నా బుద్ధికి తోచినంతవరకు టీకా ఈ మూడవ తెగలో చేరును. శరీరమునకు శత్రువును ముందుగా, బలహీనమైన రూపమున, లేక దాని ముక్కగా పరిచయము చేసి, నిజమైన శత్రువు వచ్చిననాడు గుర్తించి ఎదుర్కొనునట్లు తర్ఫీదునిచ్చుట యుక్తి కాక మరేమి?

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. టీకా మన ప్రాచీన సంహితలలోనే ఉన్నదని కొందరు శ్లోకములు చూపుదురు. చరక సుశ్రుత వాగ్భటులలో అట్టివి లేవు. మాధవనిదానమున మసూరికకు ప్రత్యేకాధ్యాయము గలదు, టీకా లేదు. మశూచి పొక్కు రసిని ఆరోగ్యవంతుని చర్మమున గ్రుచ్చు పద్ధతి వంగదేశమున ఆచారముగా నుండెడిది. దానిని హాల్వెల్ అను ఆంగ్లేయుడు 1767లో వర్ణించినాడు. జెన్నరు గోమసూరికతో ప్రయోగము చేసినది 1796లో. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్టాల్ అను మూడేండ్ల బాలికకు వేసినది మన దేశములో ఆ పద్ధతి తొలి టీకా. లేని శ్లోకములను కల్పించుకొన్నంత మాత్రమున మన శాస్త్రమునకు గౌరవము పెరుగదు.

మా గురువుగారి ముఖము నిండ మశూచి మచ్చలుండెడివి. చిన్ననాడు ఆయన అన్నదమ్ములలో ఇద్దరిని అమ్మవారు తీసికొనిపోయినదట. గురుకులమునకు టీకాల మనిషి వచ్చిన దినమున ఆయన పాఠము ఆపి, శిష్యులనందరిని అరుగు మీద వరుసగా కూర్చుండబెట్టినారు. వంటవానిని, పశువుల కాపరిని కూడ పిలిపించినారు. "వీరు మీకు అన్నము పెట్టువారు, పాలు తెచ్చువారు. వీరిని విడిచి మీకు మాత్రమే వేసినచో లాభమేమి?" అన్నారు. మా తరమువారి భుజముపై రూపాయి బిళ్ళంత మచ్చ నేటికిని ఉన్నది. 1975 మే 24న గుర్తించిన రోగితో మన దేశమున మశూచి ఆఖరైనది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సంస్థ లోకమున అది లేకుండ పోయినదని ప్రకటించినది. తరువాతి తరమువారి భుజములపై ఆ మచ్చ లేకపోవుటకు కారణమదియే.

ఒక్క గోడతో కోట నిలువదు

ఓరుగల్లు కోటను చూచినవారికి తెలియును. లోపల రాతికోట, దాని చుట్టు నీటి అగడ్త, దాని ఆవల మట్టికోట, దానికి మరొక అగడ్త. కాకతీయులు ఒక్క గోడను నమ్ముకొనలేదు. బడిలో రోగనివారణ కూడ అట్టిదే. కిటికీలు తెరచి గాలి ఆడనిచ్చుట ఒక ప్రాకారము. భోజనమునకు ముందు, మరుగుదొడ్డికి వెళ్ళివచ్చిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుట ఒకటి. శుభ్రమైన త్రాగునీరు ఒకటి. జ్వరము వచ్చిన పిల్లవానిని, జ్వరము వచ్చిన పంతులును కూడ ఇంటివద్ద ఉండనిచ్చుట మరొకటి. ఈ చివరిది చెప్పినంత తేలిక కాదు. సెలవు పెట్టిన జీతము కోయు యాజమాన్యములు ఉన్నంతకాలము దగ్గుచునే పాఠము చెప్పువారుందురు. ఇవన్నియు వెలుపలి గోడలు. టీకా లోపలి రాతిగోడ. అది ఉన్నదని వెలుపలి అగడ్తలను పూడ్చుకొనరాదు, అగడ్త ఉన్నదని రాతిగోడను కూల్చుకొనరాదు.

సిబ్బంది యనగానే మనకు ఉపాధ్యాయులే గుర్తుకు వత్తురు. మధ్యాహ్న భోజనము వండు అక్కలు, పసివారి ముక్కు తుడుచు ఆయా, మరుగుదొడ్లు కడుగు పనివారు, పదిమంది పిల్లలను ఎక్కించుకొను ఆటో డ్రైవరు, హాస్టలులో రాత్రి కాపలావాడు – వీరందరును సిబ్బందియే. నిజమునకు కొన్ని వ్యాధుల విషయమున వీరే ముందు వరుసలో నున్నారు.

ఎవరికి ఏవి?

మొదట ధనుర్వాతము, కంఠసర్పి. ఈ రెంటికి కలిపి టీడీ అను టీకా గలదు. పూర్వపు టీటీ స్థానమున ఇప్పుడు దీనినే వాడుచున్నారు. పిల్లలకు పదవ యేట, పదునారవ యేట వేయుదురు. అక్కడితో అందరును మరచిపోవుదురు. చిన్ననాటి రక్షణ కాలక్రమమున క్షీణించును గనుక పెద్దలు పదేండ్లకొకసారి వేయించుకొనవలెను. చిన్ననాడు అసలు వేయించుకొననివారు మూడు మోతాదులు పూర్తి చేయవలెను. ముండ్లకంప నరికి బడి దొడ్డి బాగుచేయు పనివానికి, తుప్పు రేకు గీసికొన్న ఆయాకు ఇది ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. గాయము మీద పేడ, బూడిద అద్దుట మన పల్లెలలో ఇంకను ఉన్నది. ఏ వైద్యశాస్త్రమును దానిని సమర్థింపదు. ధనుర్వాత బీజములు మట్టిలోను, పశువుల పేడలోను ఉండును. కంఠసర్పి పోయిన రోగమని అనుకొనరాదు. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రికి, అదే మన పెద్దలు కోరంటి దవాఖాన అనునది, ఆ రోగులు రావడము ఈ కాలమున కూడ ఉన్నది. గొంతులో తెల్లని పొర కట్టి శ్వాస ఆడకుండ చేయు ఆ వ్యాధికి మిరియాల కషాయము మందు కాదు.

రెండవది రుబెల్లా. దీనిని గురించి కొంత విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన మన యువ ఉపాధ్యాయినులలో పెక్కురకు ఈ సంగతి తెలియదు. రుబెల్లా పిల్లలకు వచ్చినచో రెండు మూడు దినముల జ్వరము, ఒంటిపై సన్నని దద్దురు, అంతే. తట్టు అనుకొని వేపాకు కట్టి ఊరకుందుము. అదే వ్యాధి గర్భిణికి మొదటి మూడు మాసములలో సోకినచో శిశువు చెవిటితనముతో, కంటి శుక్లముతో, హృదయ దోషముతో పుట్టవచ్చును, లేక గర్భస్రావము కావచ్చును. 1941లో ఆస్ట్రేలియాలో గ్రెగ్ అను నేత్రవైద్యుడు శుక్లములతో పుట్టిన పసివారి తల్లులను విచారించి ఈ సంబంధమును కనిపెట్టినాడు. మన రాష్ట్రమున 2017 ఆగస్టులో తట్టు రుబెల్లా టీకాను తొమ్మిది నెలల నుండి పదునైదేండ్లలోపు పిల్లలకు బడిబడికి తిరిగి వేసినారు. ఆనాటికి పదునైదు దాటినవారికి ఆ అవకాశము దక్కలేదు. వారే నేడు పెండ్లియై, బి.ఎడ్. ముగించి, మొదటి ఉద్యోగమున నలుబదిమంది పిల్లల నడుమ నిలుచున్నవారు. చిన్ననాడు వారికి తట్టు టీకా పడియుండవచ్చును గాని రుబెల్లా ప్రభుత్వ పట్టికలో లేదు. కావున సంతానము కోరు ఉపాధ్యాయిని ముందుగనే వైద్యునితో మాటాడి ఈ టీకా వేయించుకొనవలెను. గర్భము ధరించిన పిమ్మట వేయరాదు. వేయించుకొన్న తరువాత ఒక నెల గర్భము రాకుండ చూచుకొనవలెను. ఇది సజీవ టీకా యగుటయే ఇందుకు కారణము.

ఆటలమ్మ సంగతి కూడ ఇటువంటిదే. పిల్లలలో తేలికగా పోవును, పెద్దలలో ఊపిరితిత్తులకు ఎక్కి ప్రమాదము తెచ్చును. చిన్ననాడు రానివారికి రెండు మోతాదుల టీకా గలదు, గర్భిణులకు ఇదియు నిషిద్ధమే. ఆటలమ్మ వచ్చిన ఇంట వేపరెమ్మ కట్టుట, రోగిని వేరుగ నుంచుట మన పెద్దల మంచి ఆచారము. వేపరెమ్మ ఎంత పనిచేసినను, ఆ వేరుగ నుంచుట మాత్రము నిశ్చయముగా పనిచేసినది.

మూడవది వంటవారి టైఫాయిడ్. పైకి ఆరోగ్యముగ నున్న మనిషి మలములో కూడ ఈ క్రిమి నెలల తరబడి ఉండవచ్చును. ఆ చేతులు అన్నము కలిపినచో బడి మొత్తము పడక పట్టును. ఆహారము వండి వడ్డించువారికి ఏటేటా వైద్య పరీక్ష జరుపవలెనని, ఈ జాతి జ్వరములకు టీకాలు వేయించి లెక్క వ్రాసి ఉంచవలెనని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలలోనే ఉన్నది. ఒకే మోతాదుతో సరిపోవు టైఫాయిడ్ టీకా మన హైదరాబాదులోనే తయారగుచున్నది. వయస్సును బట్టి తగునో తగదో వైద్యుడు చెప్పును. హెపటైటిస్ బి టీకా కూడ అంతే, 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్‌లో మన వరప్రసాదరెడ్డిగారు స్వదేశీయముగా తెచ్చిన తరువాతనే సామాన్యునికి అందుబాటులోనికి వచ్చినది. నెత్తురు కారు గాయములను తుడుచువారు దానిని వేయించుకొనుట మేలు. షుగరు, ఆయాసము గలవారు, గర్భిణులు ఫ్లూ టీకా గురించి వైద్యుని అడుగవలెను. అది ఏటేటా వేయించుకొనవలసినది.

కుక్కకాటు గురించి ఒక మాట. మధ్యాహ్న భోజనపు ఎంగిలాకుల కొరకు బడి ప్రాంగణమున కుక్కలు చేరును. కరచినచో పసుపు, సున్నము, కారము ఏదియు పూయరాదు. ధారగా పడు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, అదే దినము ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళవలెను. నీటిని చూచి భయపడు లక్షణము పుట్టిన రోగి బ్రతుకడని సుశ్రుతుడే చెప్పినాడు. నేటి వైద్యము కూడ ఆ మాటను దాదాపు మార్చలేకపోయినది. మార్చినదల్లా ఆ లక్షణము పుట్టకముందే ఆపుటను. బొడ్డు చుట్టు పదునాలుగు సూదులను భయము ఇప్పుడక్కరలేదు. ఆ పాత మందును మన దేశమున మానివేసి ఇరువదేండ్లు కావచ్చినది. ఇప్పటివి చేతికి వేయు కొద్ది సూదులే.

టీకా చేయలేనిది

అన్ని టీకాలు అన్నిటిని ఆపునని చెప్పుట కూడ అసత్యమే. క్షయకు బీసీజీ మన దేశమున మొదట వేసినది 1948లో, మదనపల్లెలో. ఎన్నో ఆశలు పెట్టుకొన్నారు. తరువాత 1968లో చెంగల్పట్టులో మొదలుపెట్టి ఏండ్ల తరబడి పరిశీలింపగా, పెద్దల ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదని తేలినది. పసివారికి మెదడుకెక్కు క్షయ వంటి తీవ్ర రూపముల నుండి రక్షణనిచ్చును గనుక నేటికిని వేయుచున్నారు. కావున రెండు వారములకు మించి దగ్గుచున్న ఉపాధ్యాయుడు, "నా చేతిపై బీసీజీ మచ్చ ఉన్నది" అని ఊరకుండక తెమడ పరీక్ష చేయించుకొనవలెను. అడ్డసరపు ఆకు రసము దగ్గును కొంత శాంతింపజేయును. ఆ శాంతి వలననే పరీక్ష నెలలు వాయిదాపడిన రోగులను నేను చూచియున్నాను.

సూది వేయించుకొన్న తరువాత కొందరికి ఒకటి రెండు దినములు జ్వరము, చేయి నొప్పి కలుగును. తడిగుడ్డ వేసికొని, గంజియో జొన్నజావయో పలుచగా త్రాగి విశ్రమింపవలెను. సూది గుచ్చిన చోట పసుపు, సున్నము పట్టించరాదు, రుద్దరాదు. అరుదుగా కొందరికి వెంటనే ఒళ్ళు దద్దుర్లెక్కి ఆయాసము రావచ్చును. అందుకే వేసినచోటనే అరగంట కూర్చుండవలెనందురు. మునుపు ఏదేని టీకాకు అట్లయినవారు, క్యాన్సరు మందులు, స్టెరాయిడ్లు వాడువారు ముందుగనే చెప్పవలెను. శొంఠి, మిరియాలు, తులసి కషాయము గొంతు గరగరకు మంచిదే, మితము తప్పనంతవరకు. ఆ 2021లో దినమునకు నాలుగుమార్లు కషాయము త్రాగి కడుపు మంటతో, నోటిపూతతో నా వద్దకు వచ్చినవారు కొల్లలు.

నా మాట విని టీకా వాయిదా వేసికొన్న ఆ టీచరు నేడు మరల బడికి వెళ్ళుచున్నది. నా మీద కోపము పెట్టుకొనలేదు. పెట్టుకొన్నచో నాకు కొంత తేలికగా నుండెడిది. ఈ జూన్‌లో ఆమె ఒక నోటుపుస్తకము పట్టుకొని వచ్చినది. అందులో ఆ బడిలో పనిచేయు పదునాలుగురి పేర్లు, ఎదుట గళ్ళు. ఎవరికి ఎప్పుడు ఏ టీకా పడినదో, ఎవరికి ఆటలమ్మ వచ్చిపోయినదో, ఎవరికి జ్ఞాపకము లేదో వ్రాసియున్నది. దానిని తీసికొని ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు గారి వద్దకు వెళ్ళమన్నాను. గళ్ళలో ఎక్కువ ఖాళీగా ఉన్నది వంట చేయు ఆమె వరుస. ఆమెను కూడ వెంటబెట్టుకొని వచ్చియుండెను.

ఆమె అడిగినది ఒక్కటే. "సూది ఏసుకుంటే తెల్లారి జరమొస్తదంటున్నరు. పనికి రాకుంటే ఆ దినం పైసలు వోతయా అయ్యా?"

టీచరు నా వైపు చూచినది. ఇట్టివారి టీకాకు, ఒక దినపు విశ్రాంతికి అగు ఖర్చు బడి భరింపవలెనని, శనివారము మధ్యాహ్నము వేయించినచో ఆదివారము కలిసివచ్చునని చెప్పినాను. ఆమె నోటుపుస్తకములో శనివారము తేదీ వ్రాసికొని, వంటామె పేరు మొదటి వరుసకు మార్చినది.